గుంజ పక్క చోటు

ఎర్రమట్టి నేలల నడుమ, రాతిగుట్ట కింద ఒక జొన్న కళ్ళం ఉండేది. కోసిన కంకులు పరిచి, గింజ రాలేదాకా తొక్కించే గుండ్రటి నేల అది. పేడతో అలికి, ఆరబెట్టి, మళ్ళీ అలికి గట్టి చేసినది. మధ్యలో ఒక గుంజ పాతి ఉండేది. కళ్ళమూ, దాని చుట్టుపక్కల పొలాలూ అన్నీ ఎలుగుబంటి దొరవే. ఆయన ఒళ్ళు వంచి పని చేయగా చూసినవాళ్ళు ఎవరూ లేరు గానీ, పంట ఎలా వచ్చిందో మాత్రం దూరం నుంచే వాసన పట్టి చెప్పేవాడు.

తొక్కేవాళ్ళు వేరే. గుంజకు ఆనుకుని ముసలెద్దు మైలారన్న, ఆయన పక్కన గేదె పోలమ్మ, ఆమె పక్కన గాడిద గురప్ప, అందరికంటే బయట, అంచు మీద, కోడెగిత్త అంకన్న. నలుగురి మెడలనూ కలుపుతూ ఒకటే పొడుగాటి తాడు. దాన్ని దామెన అంటారు. పొద్దున్నే కోతులు వచ్చి దామెన కట్టేవి, నలుగురూ గుంజ చుట్టూ తిరగడం మొదలుపెట్టేవారు. లోపలివాడు ఉన్నచోటే మెల్లగా తిరగాలి, బయటివాడు ఇంచుమించు పరుగెత్తాలి. వయసులో ఉన్నవాడు బయట, పెద్దవాడు లోపల. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు గానీ, ఎవరూ తప్పేవారు కాదు.

ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. ఆ నలుగురూ తొక్కిన జొన్నలో గింజ చిట్లేది కాదు, కంకిలో గింజ మిగిలేది కాదు. రెక్కలాడించి తూర్పారబట్టే కొంగలు సైతం, "ఇది పోలమ్మ వాళ్ళ కళ్ళంరా, పొట్టు ఎగరేస్తే చాలు" అనుకునేవి. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నలుగురికీ ఛాతీ ఉబ్బేది. అంకన్నకైతే మరీను!

సాయంత్రమయ్యేసరికి రాతి తొట్టి నిండా చొప్ప ముక్కలు, తవుడు, తెలగపిండి కలిపి పోసేవారు. నలుగురికీ ఒకటే తొట్టి. మైలారన్న మొదట మూతి పెట్టేవాడు, తర్వాత తక్కినవాళ్ళు. ఎవరెంత తిన్నారో ఎవరూ చూసుకునేవారు కాదు.

అలాంటి చోటికి నక్క జంబులయ్య మేస్త్రీగా వచ్చాడు.

వచ్చిన రోజు నోరు మెదపలేదు. కళ్ళం చుట్టూ తిరిగి, తోక ఊపుకుంటూ అన్నీ చూశాడు. ఆ తర్వాత దొర దగ్గర చేరాడు.

"దొరా, తప్పుగా అనుకోనంటే ఒక మాట. ఆ ముసలెద్దు చేసే పనేమిటి?"

"అదేంటయ్యా, తొక్కుతున్నాడు కదా!"

"ఎక్కడ తొక్కుతున్నాడు దొరా! గుంజకు ఆనుకుని నిలబడి అటూ ఇటూ తిరుగుతున్నాడు. అది పనా? నేనైతే దాన్ని కునుకు తీయడం అంటాను. పాపం, ఆ కోడె చూడండి, నాలుక బయటపెట్టి పరుగెడుతున్నాడు. వాడికీ అదే తొట్టి, ఈయనకీ అదే తొట్టి!"

ఎలుగు దొర పొట్ట గోక్కున్నాడు. ఇన్నేళ్ళుగా కళ్ళ ముందే ఉన్నా తనకు తట్టలేదే అని ఆశ్చర్యపోయాడు. "నిజమేనోయ్! మరి ఏం చేద్దామంటావు?"

"ఎవరి నడకకు తగ్గ తిండి వాళ్ళకి. తొట్టి తీసేసి గంపలు పెడతాను. దాణా బోలెడు మిగులుతుంది. ఆ భారం నాకు వదిలేయండి."

జంబులయ్య గొంతెత్తి మాట్లాడే రకం కాదు. ఏ మాటైనా చెవిలోనే. ఆ సాయంత్రమే అంకన్న పక్కకు చేరి, చెవి దగ్గర మూతి పెట్టాడు.

"నాయనా అంకన్నా, బయటి నడకే నడక, గుంజ దగ్గరిది పని కాదు. ఈ కళ్ళాన్ని నడిపేది నువ్వే. ఇది నీకూ తెలుసు, నాకూ తెలుసు. తక్కిన ముగ్గురినీ నీ మెడ మీద మోస్తున్నావు. రేపటినుంచి నీకు పెద్ద గంప. ఈ మాట మాత్రం మనిద్దరి మధ్యనే ఉండనీ."

పొగడ్త చేదు అనేవాడెవడు? అంకన్న ఆ రాత్రి కొమ్ములు రాతికి రుద్దుకుని మెరిపించుకున్నాడు. తెల్లారాక తొట్టి కనబడలేదు. దాని చోట నాలుగు గంపలు ఉన్నాయి. అంకన్నది నిండుగా, గురప్పది కొంచెం తక్కువగా, పోలమ్మది సగానికి, మైలారన్నది అడుగున పిడికెడు.

"ఇదేందిరా అబ్బాయ్?" అంది పోలమ్మ.

"నడకకు తగ్గ తిండట అత్తా. నేను ఎక్కువ నడుస్తాను కదా" అన్నాడు అంకన్న. ఆ మాట అంటూ ఎందుకో ముసలెద్దు వైపు చూడలేకపోయాడు.

మైలారన్న మాత్రం గంపలోకి ఒకసారి చూసి, "కానీలేరా" అని నాకి ఊరుకున్నాడు.

తిండికి నడకే కొలత అయ్యాక ఇక దాని అంతు ఎక్కడ? మర్నాటికి మైలారన్న గంప ఖాళీ అయింది. ఆ మర్నాడు గంపే లేదు. జంబులయ్య వచ్చి, ఈసారి అందరికీ వినబడేలా, "పెద్దాయనా, మీరు కష్టపడింది చాలు. గుట్ట మీదికి పోయి హాయిగా ఉండండి" అన్నాడు.

గుట్ట మీద ఏముంది? కాలే రాళ్ళు, ముళ్ళచెట్లు. ఎండాకాలం తలుపు తట్టేసరికి గడ్డిపోచ ఉండదు, గుక్కెడు నీళ్ళు ఉండవు. హాయిగా ఉండమంటే ఏమైపొమ్మన్నాడో అందరికీ అర్థమైంది. పోలమ్మ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. గురప్ప గొణిగాడు, గొణిగి ఊరుకున్నాడు, ఆయనకు గొణుగుడు పుట్టుకతో వచ్చింది. అంకన్న నోటినిండా తవుడు ఉంది, మాట రాలేదు.

మైలారన్న గుట్ట వైపు నడుస్తూ వెనక్కి తిరిగి, "బిడ్డలారా, కాళ్ళు జాగ్రత్త" అన్నాడు. అంతే. ఒక్క నిష్ఠూరమైనా ఆడలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే అంకన్నకు కాస్త తేలిగ్గా ఉండేది.

ముగ్గురితో తొక్కుడు మొదలైంది. పోలమ్మ గుంజ పక్కకు జరిగింది. ఆమెకు ఆ చోటు కొత్త. ఉన్నచోటే తిరగాలంటే మోకాళ్ళు మెలితిరిగాయి, తల తిరిగింది. ఒక్కోసారి ఆగిపోయేది, ఒక్కోసారి తుళ్ళి ముందుకు పడేది. లోపల ఆమె ఆగితే దామెన బిగుసుకుని బయట అంకన్న మెడను పట్టి లాగేది. ఆమె తుళ్ళితే తాడు వదులై కాళ్ళకు చుట్టుకునేది. మధ్యాహ్నానికి అంకన్న మెడ మీద చర్మం లేచిపోయింది. మునుపు ఇంత దూరం పరుగెత్తినా మెడ మీద ఒక్క గీత పడి ఎరగడు.

ఇలా ఎందుకవుతోందో అంకన్నకు మొదట బోధపడలేదు. మూడోసారి తాడు తెగేంత లాగినప్పుడు ఆగి, గుంజ వైపు చూశాడు. ఇన్నాళ్ళూ అక్కడ మైలారన్న ఒక్క తీరున తిరుగుతుంటే దామెన మెత్తగా మెడ మీద ఆని ఉండేది. లోపల ఆయన కుదురుగా ఉండబట్టే బయట తను పరుగెత్తగలిగాడు. ఆ సంగతి తెలిశాక వాడికి సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది. తన గంప నిండింది ఆ ముసలాయన గంపలోంచే కదా!

సాయంత్రం జంబులయ్య గంపలు పంచాడు. పోలమ్మ గంపలో అడుగున పిడికెడు. లోపలి చోటు ఎవరిదైతే వాళ్ళకు అదే. "రేపో మాపో నన్నూ హాయిగా ఉండమంటాడు" అంది పోలమ్మ, నవ్వబోయి నవ్వలేక.

అంకన్న గంపలో మూతి పెట్టి చూస్తే పైన మాత్రమే తవుడు, కింద అంతా ఊక. ఊపిరి బిగబట్టి గంపను కాలితో తన్నాడు. అది దొర్లుకుంటూ పోయి కంచెకు తగిలి ఆగింది.

"అత్తా, గురప్ప మామా, పదండి. తాత దగ్గరికి పోదాం."

గుట్ట మీద మైలారన్న ఒక బండ నీడన పడుకుని ఉన్నాడు. డొక్కలో ఎముకలు లెక్కబెట్టవచ్చు. అంకన్న ఆయన ముందు తల వంచి నిలబడ్డాడు. "తాతా, నేను గడ్డి తిన్నాను" అన్నాడు.

"గడ్డి తినక ఎద్దు మరేం తింటుందిరా?" అన్నాడు మైలారన్న. పోలమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆ నవ్వుతో అంకన్న గుండె మీది బరువు కొంచెం దిగింది.

"నక్కను రేపు కొమ్ములతో ఎత్తి విసిరేస్తాను."

"విసిరేస్తే? దొర ఇంకో నక్కను తెస్తాడు. నీకు మాత్రం కొమ్ములు విరగ్గొట్టి పంపిస్తాడు."

"అయితే పనిలోకి పోవద్దు" అన్నాడు గురప్ప. "నాకు ఎప్పటినుంచో ఉన్న ఆలోచన అది."

అంకన్న తల అడ్డంగా ఊపాడు. "వద్దు మామా. మనం పని ఎగ్గొట్టామన్న మాట రాకూడదు. అలాంటి కళ్ళం కాదు మనది. మేస్త్రీ ఏమన్నాడు? బయటి నడకే నడక, లోపలిది పని కాదన్నాడు. ఆయన మాటే విందాం. ముగ్గురం బయటే నడుద్దాం."

పోలమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "మరి లోపల?"

"పని కాని చోట మనకేం పని?"

మైలారన్న నెమ్మదిగా, "ఆయన ఊరుకోడు. ఒక్కొక్కరి చెవిలో ఒక్కో మాట ఊదుతాడు. మీరు అక్కడే విడిపోతారు" అన్నాడు.

"ఆ చెవిలో మాటే కదా మనల్ని ఇంతదాకా తెచ్చింది" అంది పోలమ్మ. "ఇకనుంచి ఎవరి చెవిలో ఏం చెప్పినా, అక్కడికక్కడే గట్టిగా అరిచి అందరికీ చెప్పేద్దాం."

"అరిచే పని నాకు వదిలేయండి" అన్నాడు గురప్ప. పుట్టి బుద్ధెరిగాక ఆయన సంతోషంగా ఒప్పుకున్న పని అదొక్కటే.

తెల్లారింది. ఉత్తరాన మబ్బు కమ్ముకొస్తోంది. కాలం కాని కాలంలో వాన! తొక్కని కంకులు తడిస్తే నల్లబడి మొలకలెత్తుతాయి, ఏడాది పంట మట్టిపాలవుతుంది. ఎలుగు దొర స్వయంగా కళ్ళం దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. కోతులు దామెన పట్టుకుని వచ్చాయి. ముగ్గురూ నేరుగా కళ్ళం అంచు మీదికి పోయి ఒకరి వెనక ఒకరు నడవసాగారు.

"ఏయ్, ఏమిటిది? వరసలోకి రండి!" అన్నాడు జంబులయ్య.

"నడుస్తున్నాం కదా మేస్త్రీ" అన్నాడు అంకన్న. "అందరం నీకు ఇష్టమైన బయటి నడకే నడుస్తున్నాం."

"మరి నడుమ కంకులు ఎవరు తొక్కుతారు?"

"గుంజ దగ్గర ఉండేది పని కాదన్నావు. పని కానిదానికి మమ్మల్ని ఎందుకు పిలుస్తావు?"

ముగ్గురి కాళ్ళ కింద అంచు మీది చొప్ప పొడైపోతోంది. నడుమ కంకులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. తూర్పారబట్టడానికి వచ్చిన కొంగలు ఒంటికాలి మీద నిలబడి తమాషా చూస్తున్నాయి. మబ్బు గుట్ట మీదికి వచ్చింది. వేరేవాళ్ళను పిలిపిద్దామా అంటే, ఆ మబ్బు చూసి ప్రతి కళ్ళంలోనూ అందరూ పనిలో ఉన్నారు.

జంబులయ్యకు చెమటలు పట్టాయి. నవ్వు మొహం పెట్టుకుని గురప్ప పక్కన చేరి, చెవిలో ఊదాడు.

గురప్ప అక్కడే ఆగి, మెడ చాచి, గుట్ట అదిరేలా ఓండ్ర పెట్టాడు. "ఓహోయ్! నేను లోపలికి పోతే నాకు రెండు గంపలిస్తాడట! పోలమ్మకు చెప్పొద్దన్నాడు!"

కొంగలు నవ్వాయి. జంబులయ్య చెవులు వాల్చి పోలమ్మ దగ్గరికి పోయాడు.

"వినండర్రా!" అంది పోలమ్మ. "గురప్పను వచ్చే వారం తీసేస్తాడట, ఆయన తిండి నాకిస్తాడట!"

"నన్ను తీసేస్తాడా? ఇప్పుడే రెండు గంపలన్నాడు కదా!" అని గురప్ప మళ్ళీ ఓండ్ర పెట్టాడు.

ఇక మిగిలింది అంకన్న. జంబులయ్య వాడి దగ్గరికి వెళ్ళాడు. అంకన్నకు భయం లేదని అనుకుంటే అది అబద్ధం. నక్క ఏం చెబుతాడో, విన్నాక తన మనసు ఎటు వాలుతుందో వాడికే తెలియదు. ఒకసారి వాలిన మనసే కదా అది.

"అంకన్నా, వీళ్ళను వదిలేయ్. నిన్ను నా కింద చిన్న మేస్త్రీని చేస్తాను. తాడు కట్టించుకునేది లేదు, తొక్కేది లేదు. దొరకు ఇవ్వాల్సిన దాణాలో ఇప్పటికే నేను కొంత దాచాను. అందులో సగం నీది."

అంకన్న తల ఎత్తాడు. పోలమ్మనూ, గురప్పనూ, గుట్ట వాలులో నిలబడి చూస్తున్న మైలారన్ననూ చూశాడు. గట్టిగా ఊపిరి పీల్చి రంకె వేశాడు.

"దొరా! నన్ను చిన్న మేస్త్రీని చేస్తాడట! మా నోటి దగ్గర తీసిన దాణా మీకు చేరలేదట, ఆయనే దాచాడట! అందులో సగం నాకట! నాకు వద్దు! నేను కళ్ళం తొక్కేవాణ్ణి, తొక్కేవాణ్ణిగానే ఉంటాను!"

ఎలుగు దొర మెల్లగా జంబులయ్య వైపు తిరిగాడు. తొక్కేవాళ్ళ ఆకలి ఆయనకు పట్టలేదు గానీ, తన దాణా పోయిందంటే మాత్రం ఒళ్ళంతా కళ్ళయ్యాయి.

"మేస్త్రీ! గుంజ దగ్గరిది పని కాదన్నావు కదూ? కునుకు తీయడం అన్నావు కదూ? పద, నువ్వే నిలబడు. కట్టండిరా వీణ్ణి!"

కోతులకు ఇంకేం కావాలి! జంబులయ్య మెడకు దామెన తగిలించాయి. లోపలి చోటు నిండింది కాబట్టి పోలమ్మ, గురప్ప, అంకన్న మాట తప్పకుండా వరసలోకి వచ్చారు. పగబట్టి పరుగెత్తలేదు, కావాలని లాగలేదు. రోజూ నడిచే నడకే నడిచారు. జంబులయ్య గుంజ చుట్టూ ఒక చుట్టు తిరిగాడు, రెండో చుట్టుకు కాళ్ళు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. ఆ తర్వాత గుంజ ఏదో తోక ఏదో తెలియక, గుంజను కౌగిలించుకుని కూలబడ్డాడు.

"లేవవయ్యా, నిలబడే పనేగా!" అన్నాడు దొర.

"దొరా... ఇది కునుకు కాదు దొరా... చావు!"

"అమ్మయ్య, పనేనని ఒప్పుకున్నాడు" అన్నాడు గురప్ప.

ఉరిమింది. ఎలుగు దొర మబ్బును చూశాడు, కంకులను చూశాడు, గబగబా గుట్ట వాలు ఎక్కి మైలారన్న ముందు నిలబడ్డాడు. "పెద్దాయనా, రావయ్యా. నీ చోటు నీకిస్తాను."

"నన్ను అడిగితే ఏం లాభం దొరా?" అన్నాడు మైలారన్న. "దామెనలో మేం నలుగురం. అక్కడికి వచ్చి అడగండి."

దొర ఆయన వెంట కిందికి వచ్చాడు. వాన ముంచుకొస్తుంటే దొరతనం చూపించే తీరిక ఎక్కడిది? అంకన్న ముందుకు వచ్చి చెప్పాడు. గంపలు వద్దు, తొట్టే కావాలి. మునుపటంత పోయాలి, తాతకు బాకీ పడిన తిండి ఈ సాయంత్రమే పెట్టాలి. మోకాళ్ళు అరిగాయని ఎవరినీ గుట్టకు తోలకూడదు. చేవ తగ్గినవాళ్ళకు కళ్ళం పక్కన కొట్టంలో చోటు, తొట్టిలో వాటా ఉండాలి. మాట్లాడాల్సింది ఏదైనా ఉంటే నలుగురితో కలిపి మాట్లాడాలి, చెవిలో మాట్లాడకూడదు.

"సరే, సరే! దయతలచి అన్నీ ఇస్తున్నాను, ఇక కానివ్వండి" అన్నాడు దొర.

అంకన్న కదల్లేదు. "దయ కాదు దొరా. మీ గరిసెలో గింజ మా కాళ్ళ కింద రాలిందే. మాకు రావాల్సింది మాకు ఇస్తున్నానని అనండి."

పోలమ్మకు ఒళ్ళు గగుర్పొడిచింది. దొరతో అలా మాట్లాడినవాణ్ణి ఆమె ఎన్నడూ చూడలేదు. ఎలుగు దొర మూతి ముడిచాడు, మళ్ళీ ఉరిమేసరికి ముడి విప్పాడు.

"మీకు రావాల్సింది మీకు ఇస్తున్నాను" అన్నాడు.

కోతులు జంబులయ్య మెడలో దామెన విప్పి మైలారన్నకు కట్టాయి. అప్పుడు చూడాలి ఆ తొక్కుడు! గుంజ పక్కన మైలారన్న కడుపులో ఆకలితోనే కుదురుగా తిరిగాడు, పోలమ్మ నిండుగా అడుగులు వేసింది, గురప్ప గొణుగుడు మరిచిపోయాడు, అంచు మీద అంకన్న దుమ్ము రేపుతూ పరుగెత్తాడు. అడిగింది దక్కాక పని ఎలా చేస్తారో దొరకు చూపించాలన్న పంతం నలుగురిలోనూ ఉంది. గింజ జలజలా రాలింది. కొంగలు వరసకట్టి రెక్కలాడించాయి, కోతులు మోశాయి. చివరి గంప గరిసెలో పడ్డాక వాన మొదలైంది.

కొట్టం కింద రాతి తొట్టి నిండా దాణా ఆవిర్లు కక్కుతోంది. నలుగురూ దాని చుట్టూ నిలబడ్డారు. మొదట ఎవరు మూతి పెట్టాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మైలారన్న తిన్నాడు, ఆ తర్వాతే అందరూ తిన్నారు. తడిసిన కొంగలు చూరు కింద చేరి, "ఇంత వానలోనూ ఒక్క గింజ తడవనివ్వలేదు, ఏ కళ్ళంవాళ్ళు చేయగలరు చెప్పండి!" అని చెప్పుకుంటున్నాయి. అంకన్న ఆ మాట విని, ఈసారి ఒక్కడే పొంగిపోలేదు. తక్కిన ముగ్గురి వైపూ చూసి పొంగిపోయాడు.

జంబులయ్య సంగతంటారా? ఆ వానలోనే ఊరు విడిచి పోయాడు. పోవడమైతే పోయాడు గానీ తల తిరుగుడు తగ్గక, ఎటు నడవబోయినా కాళ్ళు గుండ్రంగా తిప్పి మళ్ళీ కళ్ళం దగ్గరికే తెచ్చేవి. కోతులు ప్రతిసారీ ఎదురెళ్ళి, "రండి మేస్త్రీ, గుంజ ఖాళీగానే ఉంది!" అని దామెన చూపించేవి.

నీతి: పక్కవాడి చోటు పనే కాదంటే నువ్వు ఊరుకున్నావా, రేపు నీ చోటు గురించీ అదే మాట అంటారు.